లేని పుస్తకానికి శాలువా

ఆ రోజుల్లో నాకు ఒక సినిమా నచ్చిందంటే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా నచ్చేది. నచ్చకపోతే కూడా సరిగ్గా అంత దూరమూ నచ్చేది కాదు. మా ప్యాసింజరు బండి దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు అంటూ ప్రతి స్టేషన్లోనూ ఆగి ఊపిరి తీసుకుంటూ పోయేది. ఆ గంటసేపూ నేను మాత్రం ఊపిరి తీసుకోకుండా మాట్లాడేదాన్ని. ఇప్పుడెవరైనా "ఈ మధ్య ఏం చూశారండీ, ఏం చదివారండీ" అని అడిగితే "ఏదో చూశానండీ, పర్లేదండీ" అని మర్యాదగా తప్పించుకుంటున్నాను. అప్పుడలా కాదు. ఒక సినిమా అయితే అద్భుతం, కాకపోతే దాన్ని తీసినవాడి మీద కేసు పెట్టాలి. మధ్యరకం సినిమాలని కూడా లోకంలో ఉంటాయని నాకు పెళ్ళయ్యేదాకా తెలీదు. కోపం కూడా అంతే, మధ్యరకం ఉండేది కాదు. మా ఇంట్లో నన్ను కుక్కరని పిలిచేవారు. మూడు కూతలు కుయ్యనిస్తే దానంతటదే చల్లారుతుందని మా అమ్మీ సిద్ధాంతం. ఈ సంగతి మాత్రం మూడు కూతలతో పోలేదు కాబట్టే ఇవాళ మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. గూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. (స్కూల్లో కంప్యూటర్లు చాలానే ఉండేవి, కరెంటే ఉండేది కాదు.) ఏలూరులో మా అబ్బాకి చిన్న టైలరింగు కొట్టు. మా ముస్లిముల ఇళ్ళల్లో అమ్మీ అంటే అమ్మ, అబ్బా అంటే నాన్న, మీరు నొప్పి పుట్టినప్పుడు అరిచే అబ్బా కాదు. ఆ రోజుల్లో నేను మాత్రం రెండు రకాలుగానూ పిలిచేదాన్ని. నేను బళ్ళో చదివే రోజుల నుంచీ సాయంత్రాలు ఆయన కొట్లో స్టూలు మీద కూర్చుని అద్దెకు తెచ్చిన నవలలు పైకి చదివేదాన్ని. ఆయన జాకెట్లు కుడుతూ వినేవారు. మెషిను మీద ఆయన కాలు ఆగిందంటే ఆ పేజీ బాగున్నట్టు, ఆగకుండా గడగడా నడిచిందంటే ఆ పేజీ తిప్పెయ్యమన్నట్టు. నాకున్న విమర్శనా పాండిత్యమంతా ఆ మెషిను దగ్గర నేర్చుకున్నదే.

రైల్లో నా శ్రోతలకు నాయకురాలు సీజను పిన్ని. గూడెంలో ఒక ఆఫీసులో అటెండరు. సీజను టిక్కెట్టు కొనడం మొదలుపెట్టాక ఆ పెట్టెలో బల్లలు రెండుసార్లు మార్చారు గానీ ఆవిడ చోటు మారలేదు. నేను ఎక్కేసరికి పక్కన చేతిరుమాలు పరిచి నాకు చోటు ఆపి ఉంచేది. కూర్చోకముందే "ఏంటే అమ్మాయ్, నిన్న చూశావా లేదా? ఎలా ఉందేంటి?" అని మొదలెట్టేది. మా స్కూలు లెక్కల మేడమ్ ఎదురుగా కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేవారు. (నా మాటలు నచ్చిన రోజు పిల్లలకు ఒకటి రెండు మార్కులు ఎక్కువ పడేవని నా అనుమానం.) కిటికీ పక్కన, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నల్లకళ్ళజోడు తియ్యకుండా ఒకబ్బాయి కూర్చునేవాడు. గూడెంలో సెల్‌ఫోన్ల షాపులో పని. నా వయసే ఉంటుంది. అతనికి గాగుల్స్ అని పేరు పెట్టుకున్నాం. పాటలు వింటున్నాడనుకునేవాళ్ళం.

నా మాటలెలా ఉండేవో రెండు ముక్కలు చెప్పకపోతే తరవాత నా కోపం మీకర్థం కాదు. ఒక సినిమా గురించి చెప్పాను: "హీరోకి కష్టమొచ్చినప్పుడల్లా వాన పడింది పిన్నీ. ఇంట్లోంచి గెంటేస్తే వాన, పిల్ల కాదంటే వాన. నాట్లప్పుడు అతన్ని ఓ నెల మన అత్తిలి రైతులకి ఇచ్చేస్తే కాలవ నీళ్ళ కోసం కొట్టుకోనక్కర్లేదు." ఒక సీరియల్ గురించి: "అత్తగారు విషం కలిపిన పాలగ్లాసు పట్టుకుని సోమవారం వంటింట్లోంచి బయల్దేరింది. ఇవాళ శుక్రవారం. ఇంకా మెట్లెక్కుతూనే ఉంది. ఈపాటికి ఆ పాలు తోడుకుని పెరుగైపోయుంటాయి, కోడలికి అన్నంలోకి పనికొస్తాయి." ఎప్పుడూ వెక్కిరింతలే కాదండీ. భార్య పోయిన ఒక హెడ్మాస్టరు వంట నేర్చుకునే చిన్న నవల చదివాను ఒకసారి. ఉల్లిపాయ వెయ్యని కూర తరుగుతూ కూడా ఆయన కళ్ళు తుడుచుకుంటాడు. ఆ ముక్క చెబుతూ చెబుతూ పూళ్ళ దాటాక నేనే ఏడ్చేశాను. పిన్ని చోటు ఆపే రుమాలు తీసి నాకిచ్చింది. లెక్కల మేడమ్ పెన్ను మూసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. 

ఒక రోజు ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక బెంచీ అమ్మాయి పక్కదానితో, "ఈ కరెంటు వచ్చేసరికి పాలు తోడుకుని పెరుగైపోతాయే" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "ఆ మాట ఎక్కడ విన్నావమ్మా?" అన్నాను. "వీడియోలోదండీ. గాగుల్స్ పెట్టుకుని ఒకాయన సినిమాల గురించి చెబుతాడండీ. భలే ఉంటాయండీ. మా హాస్టల్లో అందరం చూస్తామండీ" అంది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో లెక్కల మేడమ్ ఫోనులో చూశాం. అతనే. షాపులో ఫోను డబ్బాల ముందు నిలబడి, నీడపట్టున కూడా నల్లకళ్ళజోడు తియ్యకుండా, చేతులు తిప్పుతూ నా మాటలు చెబుతున్నాడు. వాన హీరో ఉన్నాడు. పాలగ్లాసు ఉంది. అత్తిలి రైతులు కూడా ఉన్నారు. నేను "పిన్నీ" అన్న ప్రతిచోటా "ఫ్రెండ్స్" అని పెట్టుకున్నాడు. అంతే మార్పు. చూసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. కింద ఎవరో "మీ బుర్రే బుర్ర అన్నా" అని రాశారు. అది చదివాక నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. పర్సు కొట్టేసినా అంత మండేది కాదు. పర్సులో నా బుర్ర లేదు కదా! "పోన్లేమ్మా, మాటలే కదా" అన్నారు లెక్కల మేడమ్. "మాటలే కదా అంటే ఏంటండీ? మీ క్వశ్చన్ పేపరు పక్క స్కూలువాళ్ళు కొట్టేస్తే అంకెలే కదా అని ఊరుకుంటారాండీ?" అని ఆవిడ మీద పడ్డాను. పాపం, ఆ పూట ఆవిడ క్యారేజీలో పెరుగన్నం తినకుండానే మూత పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే రైల్లో అతన్ని కడిగిపారేద్దామని ఎక్కాను. విషయం వింటూనే సీజను పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడడిగితే, నాకూ అలాగే తోచిందండీ అంటాడే. సాక్ష్యమేది? మాటలెత్తుకుపోయేవాడికి దొంగమాట వెయ్యాలి. లేనిదొకటి చెప్పు. ఎత్తుకుపోతాడు. అప్పుడు పడతాం" అంది గుసగుసగా. (ఆఫీసులో అటెండరుగా ఉన్నవాళ్ళకి ఎన్ని విద్యలు వస్తాయో!) సరేనని, అతనికి బాగా వినపడేలా గొంతు పెంచి, "పిన్నీ, మొన్నొక నవల చదివాను, 'కొంగల కాపలా' అని. రాసినాయన పేరు వేసుకోలేదు. ఎంత బాగుందో!" అని మొదలుపెట్టాను. లోకంలో అలాంటి నవల లేదు. ఆ క్షణానికి నా బుర్రలో కూడా లేదు.

కలిదిండి వైపు మా బంధువులకు చేపల చెరువులున్నాయి. చిన్నప్పుడు వెళ్ళినప్పుడు గట్ల మీద ఒక మనిషి రోజంతా డబ్బా వాయిస్తూ, చేపలు తినెయ్యకుండా గూడబాతుల్ని, అదే పెద్దముక్కు కొంగల్ని, తోలుతూ ఉండేవాడు. ఆటపాకలో పక్షుల కేంద్రానికి వెళ్ళి పడవెక్కితే అదే గూడబాతుల్ని ముచ్చటగా చూపించేవారు. నాకు అదొక్కటే గుర్తొచ్చింది. "కొల్లేట్లో ఒకడు పిన్నీ. చేపల చెరువు మీద డబ్బా వాయించి కొంగల్ని తోలే పని. ఆ పని పోయింది. ఇంకో పని దొరికింది. ఏంటో తెలుసా? అవే కొంగలకి కాపలా! నిన్నటిదాకా ఏ పక్షినైతే బండబూతులు తిట్టాడో ఇవాళ దాని గుడ్డు జోలికి ఎవరూ రాకుండా చూడాలి. వాళ్ళావిడ ఇంకా చెరువు మీదే పనికెళ్తుంది. ఆవిడకి ఒళ్ళు మండిపోయి మాట్లాడ్డం మానేసింది" అన్నాను. లెక్కల మేడమ్ పెన్ను ఆగింది. కిటికీ పక్కన ఒక చెవిలోంచి వైరు ఊడి కిందికి జారింది.

అలా నాలుగు రోజులు చెప్పాను. రోజూ రాత్రికి ఒక ముక్క ఆలోచించుకోవడం, పొద్దున్నే వెళ్ళి చెప్పడం. రెక్క విరిగిన ఒక గూడబాతుని అతను ఇంటికి తెచ్చాడు. వాళ్ళావిడ దాన్ని చూసి తలుపేసుకుంది. మర్నాడు చూస్తే దాని ముందు నాలుగు చిన్నచేపలున్నాయి, ఎవరు పెట్టారో తెలీదు. అక్కడిదాకా వచ్చి ఆగాను. ఐదో రోజు గూడెం స్టేషన్లో మెట్లు దిగుతూ పిన్ని, "అవునే, వాళ్ళావిడ చివరికి మాట్లాడిందా?" అంది. "పిన్నీ! అది అబద్ధం! నువ్వు చెప్పమంటేనే కదా చెప్పాను!" "అబద్ధమని తెలుసే. మాట్లాడిందా లేదా అది చెప్పు." ఆవిడ మీదా కోపమొచ్చింది నాకు.

వారం తిరక్కుండా గాగుల్స్ వీడియో వచ్చింది. "ఫ్రెండ్స్, ఈ మధ్య నేను చదివిన వాటిల్లో ఇలాంటి పుస్తకం లేదు" అన్నాడు. ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు, లేదు కాబట్టి. దొరికాడు కదా దొంగ అని నేనూ పిన్నీ అరచేతులు కొట్టుకున్నాం. మర్నాడు పెట్టెలో అందరి ముందూ నిలదీద్దామని ముహూర్తం పెట్టుకున్నాను. ఆ మర్నాడు అతను రాలేదు, షాపు పని మీద ఆ వారమంతా ఊళ్ళో లేడట. పొద్దున ప్రార్థనలో మా కరస్పాండెంట్ గారు మైకు పట్టుకుని, "మన గూడెం కుర్రాడొకడు వీడియోలో ఒక మహత్తరమైన పుస్తకం గురించి చెప్పాడు. నేను చలించిపోయాను. మన లైబ్రరీకి తరగతికొకటి చొప్పున ఆ పుస్తకం తెప్పిస్తున్నాం. వచ్చే శనివారం పుస్తక దినోత్సవం చేసి ఆ అబ్బాయినే ముఖ్య అతిథిగా పిలుస్తున్నాం" అన్నారు. తరవాత నావైపు తిరిగి, "అమ్మా, నువ్వెప్పుడూ పుస్తకాలు పట్టుకుని తిరుగుతావు కదా, అవి తెప్పించే పూచీ నీది. చివర్లో వందన సమర్పణ కూడా నువ్వే చెయ్యాలి" అన్నారు.

ఆ రోజే ఉన్నమాట చెప్పేసి ఉంటే పోయేది. చెప్పలేకపోయాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మూడు రోజులాగి ఆయన గదిలోకి పిలిచి "పుస్తకాలేవమ్మా?" అన్నారు. "ఏలూరులో అయిపోయాయటండీ." "విజయవాడలో అడగలేకపోయావా?" "అక్కడ కూడా అయిపోయాయటండీ." ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా! అంత గిరాకీ! మంచి పుస్తకమంటే అదీ!" అన్నారు. ఇంటికొస్తే మా అబ్బా నా కోసం ఎదురుచూస్తున్నారు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ వీడియో సంగతి చెప్పిందట. "'కొంగల కాపలా' అని వచ్చిందటమ్మా. కొల్లేటి కథట. తెచ్చి చదవకూడదూ?" అన్నారు ఎంతో ఆశగా. "అబ్బా!" అన్నాను నేను. రెండు రకాలుగానూ.

శనివారం వచ్చింది. స్కూలు ముందు షామియానా వేశారు. పిల్లల్ని పట్టాల మీద కూర్చోబెట్టారు. గాగుల్స్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడుతో సహా వచ్చి వేదికెక్కాడు. నన్ను చూడగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను ఆ స్కూల్లో పనిచేస్తానని అతనికి తెలీదు. (రైల్లో అన్నీ విన్నాడు గానీ నేనేం పని చేస్తానో వినలేదు. అవసరం లేని సంగతి కదా మరి.) కరస్పాండెంట్ గారు అతనికి జరీ అంచు శాలువా కప్పి, "చదివేవాడే మనిషి" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

మొదట భయపడుతూనే మాట్లాడాడు. పిల్లలు నవ్వేసరికి ధైర్యమొచ్చింది. వాన హీరోని తెచ్చాడు, పాలగ్లాసు తెచ్చాడు. పళ్ళ బిగువున కూర్చున్నాను. ఆ తరవాత గొంతు తగ్గించి, "వంట నేర్చుకునే ఒక హెడ్మాస్టరు కథ ఉందండి. ఉల్లిపాయ లేని కూర తరుగుతూ కూడా ఆయన కళ్ళు తుడుచుకుంటాడండి. అది తలుచుకుని నేను రైల్లో ఏడ్చేశానండి, పూళ్ళ దాటాక" అన్నాడు. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. మాటలంటే ఎత్తుకుపోయాడు సరే. వెక్కిరింతలు ఎత్తుకుపోయాడు సరే. నా ఏడుపు కూడా ఎత్తుకుపోయాడు! ఊరి పేరుతో సహా!

ఇంతలో మా వెనక బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. "సార్, 'కొంగల కాపలా'లో వాళ్ళావిడ చివరికి మాట్లాడిందాండీ?" అంది. గాగుల్స్ నావైపు చూశాడు. నేను పందిరి గుంజ వైపు చూశాను. "అది... అది మీరే చదివి తెలుసుకోవాలండి" అన్నాడు. "భేష్!" అని కరస్పాండెంట్ గారు చప్పట్లు కొట్టారు. వెంటనే మైకు నా చేతికొచ్చింది.

వందన సమర్పణ పద్ధతిగానే మొదలుపెట్టాను. కరస్పాండెంట్ గారికి కృతజ్ఞతలు, షామియానా వేసినవారికి కృతజ్ఞతలు, మైకు ఏర్పాటు చేసినవారికి కృతజ్ఞతలు. "చివరిగా ముఖ్య అతిథిగారికి. వారు ఇంతసేపూ మాట్లాడిన మాటలన్నీ నావి. రైల్లో పక్కన కూర్చుని విని, నా పేరు కూడా చెప్పకుండా నెలల తరబడి తనవని చెప్పుకుంటున్నారు. పూళ్ళ దాటాక ఏడ్చింది కూడా నేనే. ఇకపోతే, 'కొంగల కాపలా' అనే పుస్తకం లేదు. ఏలూరులో లేదు, విజయవాడలో లేదు, ఎక్కడా లేదు. ఈయన్ని పట్టుకోవడానికి నేనే కల్పించాను. అందరికీ ధన్యవాదాలు." చున్నీ జారిపోతోంది, మైకు కీచుమంటోంది. ఇప్పుడు చూడండి లోకం ఎలా తలకిందులవుతుందో అనుకున్నాను.

ఏమీ కాలేదు. గాగుల్స్ తల దించుకున్నాడు. కరస్పాండెంట్ గారు "ఏంటమ్మా ఇది, ఏంటమ్మా" అంటున్నారు. ఆ మధ్యలోనే వెనక బెంచీ అమ్మాయి మళ్ళీ లేచింది. నాకేదో న్యాయం చేస్తుందనుకున్నాను. "అయితే మేడమ్, కథ మీదేనన్నమాట. వాళ్ళావిడ మాట్లాడిందాండీ మరి?" అంది. పట్టాల మీద కూర్చున్న పిల్లలందరూ "చెప్పండి మేడమ్, చెప్పండి మేడమ్" అని గోల. దొంగతనం గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు! "నాకు తెలీదు!" అని అరిచి, కోపం పట్టలేక అందరి ముందూ ఏడ్చేశాను. తెలీదన్నది మాత్రం నిజం. నాలుగో రోజు దగ్గర ఆగిపోయాను కదా.

సోమవారం మెమో ఇచ్చారు. "లేని పుస్తకమును ఉన్నట్లుగా ప్రచారము చేసి యాజమాన్యమును తప్పుదోవ పట్టించినందులకు" అని. మెమో నాకు, శాలువా అతనికి! సంజాయిషీగా నేను తెల్లకాగితాలు ఎనిమిది రాశాను. లెక్కల మేడమ్ వాటిని చదివి, నిదానంగా చింపి, "ఇకమీదట ఉన్న పుస్తకాల గురించి మాత్రమే మాట్లాడగలదానను" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టమన్నారు. "అన్యాయమండీ" అన్నాను. "అన్యాయమేనమ్మా. లెక్క తప్పైనా ఉద్యోగం నిలవాలి కదా. పెట్టు" అన్నారు. పెట్టాను. అక్షరాలు కాగితం అవతలివైపు కూడా కనపడేంత గట్టిగా పెట్టాను.

ఆ సాయంత్రం కొట్టుకు వెళ్ళి మా అబ్బాకి అంతా చెప్పాను. చదివి వినిపించడానికి పుస్తకం లేదని కూడా చెప్పాను. ఆయన మెషిను ఆపి విన్నారు. "పోనీలేమ్మా" అంటారనుకుని, అంటే ఆయన మీద కూడా అరవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన అనలేదు. "బుట్టచేతుల్లో నేనొక మోడలు కనిపెట్టాను, నువ్వు పుట్టకముందు. పక్క కొట్టతను చూసి కుట్టి, తనదేనని బోర్డు పెట్టుకున్నాడు. మూడు రోజులు నేను అన్నం తినలేదు. మీ అమ్మీని అడుగు" అన్నారు. "మరి నాలుగో రోజు?" అన్నాను. "ఆకలేసింది" అన్నారు. తరవాత కత్తెర పక్కన పెట్టి, "నీకు కోపం రావాల్సిందే. బాగా వచ్చింది" అన్నారు. అంతమందిలో నా పక్షాన నిలబడింది ఆయనొక్కరే. ఆ మాటకి నాకు సగం చల్లారింది. (సగమే.)

మర్నాడు రైలెక్కేసరికి గాగుల్స్ నా చోటు దగ్గర నిలబడి ఉన్నాడు. మొట్టమొదటిసారి కళ్ళజోడు లేకుండా చూశాను. చేతిలో మడతపెట్టిన శాలువా. "ఇది తమరిదేనండి" అన్నాడు. "నాకక్కర్లేదండి. ఎందుకు చేశారు ఆ పని?" "తప్పేనండి." "తప్పని తెలుసు. ఎందుకు చేశారని అడుగుతున్నాను." బండి కదిలింది. అతను పైన కమ్మీ పట్టుకుని, "నేను టెన్త్ తప్పానండి. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈగల్లా ముసురుతాయండి, నాలుగు లైన్లు నడవనివ్వవండి. సినిమాకి వెళ్దామంటే షాపు వదలరండి. తమరు చెబుతుంటే అన్నీ నేనే చూసినట్టు, నేనే చదివినట్టు ఉండేదండి. మొదట మా ఫ్రెండ్స్‌కి చెప్పానండి. వాళ్ళు నవ్వారండి. నా మాటకి అంతకుముందెవరూ నవ్వలేదండి" అన్నాడు.

నేను కరిగిపోయానని మీరనుకుంటారేమో. కరగలేదు. జాలి ఒక పక్కన కలిగింది, రెండో పక్కన మంట అలాగే ఉంది. "అయితే అవి నా మాటలని చెప్పడానికేం? నోరు పడిపోయిందాండీ?" అన్నాను. పెట్టెలో అందరూ వింటున్నారు. దెందులూరు నుంచి భీమడోలు దాకా తిట్టాను. నిలబడి, మధ్యమధ్య "ఆయ్, అవునండి" అంటూ మొత్తం తిన్నాడు. సీజను పిన్ని ఆ శాలువా అందుకుని, "ఇద్దరికీ అక్కర్లేకపోతే నాకు చలికాలం పనికొస్తుందిలే" అని సంచిలో పెట్టుకుంది. ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఇకమీదట ఏం చెప్పినా ముందు "రైల్లో ఒక మేడమ్ చెప్పారండి" అనాలి. ఆ సాయంత్రమే పాత వీడియోలన్నిటికీ కలిపి తప్పు ఒప్పుకుంటూ ఒకటి పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. నేను మాత్రం మరో నెల రోజులు అతనితో మాట్లాడలేదు. అతనికి వినపడేలా పిన్నితో మాట్లాడాను, అంతే.

తరవాత ఒక కొత్త సినిమా వచ్చింది. ఊరొదిలి వెళ్ళిన అన్న కోసం ఒక చెల్లెలు బస్సు డిపోల్లో వెతికే కథ. నాకస్సలు నచ్చలేదు. సాగదీశాడని, చివర్లో అన్నని చూపించకుండా ఆపెయ్యడం మోసమని రైల్లో ఉతికి ఆరేశాను. రెండు రోజుల తరవాత అతని వీడియో చూశాను. "రైల్లో మేడమ్ గారికి ఈ సినిమా నచ్చలేదండి. నేను ఆదివారం సెలవు పెట్టి స్వయంగా చూశానండి. నాకు చాలా నచ్చిందండి. మేడమ్ గారు తప్పండి" అన్నాడు. నా మాటలు దొంగిలించినప్పుడు వచ్చిన కోపం దీని ముందు ఏ మూలకి? మర్నాడు బండెక్కగానే, "ఏంటండీ తప్పు? అన్న దొరికాడో లేదో చెప్పకపోతే అది కథెలా అవుతుందండీ?" అని పట్టుకున్నాను. "దొరికితే ఇంటికి పోతుందండి, దొరక్కపోతేనండీ ఆ పిల్ల మనకి గుర్తుండేది" అన్నాడు. "అర్థం లేని మాట!" "అర్థముందండి, తమరు వినిపించుకోవట్లేదండి." పెట్టె రెండు పక్షాలైంది. పిన్ని అతని పక్షం చేరింది. (శాలువా ప్రభావం.) లెక్కల మేడమ్ నా పక్షం. నేను చేతులూపుతూ, అతను కమ్మీ పట్టుకుని వేలాడుతూ, ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటూ ఉంటే బండి గూడెంలో ఆగింది, అందరూ దిగారు, బండి మళ్ళీ కదిలింది. పిన్ని ప్లాట్‌ఫారం మీద నుంచి "ఒసే, దిగవే, దిగు!" అని అరుస్తోంది. అది కూడా వాదనలో భాగమే అనుకున్నాను. నవాబుపాలెం దాటాక గానీ మా ఇద్దరికీ తెలిసిరాలేదు.

నిడదవోలులో దిగి, ఎదురు బండి కోసం రెండు గంటలు కూర్చున్నాం. స్కూలుకి సగం రోజు సెలవు, అతనికి షాపులో చీవాట్లు. ఆ రెండు గంటలూ వాదించుకుంటూనే ఉన్నాం. ఇప్పటికీ ఎప్పుడైనా ఆ స్టేషను మీదుగా వెళ్తే, సిమెంటు బెంచీ ముందు నిలబడి, చున్నీ భుజం మీదకి ఎగేసుకుంటూ, ఎవరో తీసిన సినిమా కోసం సగం రోజు జీతం పోయినా లెక్కచెయ్యకుండా అరుస్తున్న ఆ పిల్ల కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళివ్వాలనిపిస్తుంది. ఈ మధ్యే ఆ సినిమా మళ్ళీ చూశాను. అతను చెప్పిందే రైటు. ఆ పిల్లకి మాత్రం ఆ సంగతి చెప్పను.